నాకు అందని కొబ్బరి చిప్ప

మా కాలేజీ కంప్యూటర్ గదిలో తలుపు పక్కన ఒక ఫ్లెక్సీ వేలాడుతూ ఉంటుంది. పైన పెద్ద అక్షరాలతో ‘కంప్యూటర్లు, నెట్‌వర్కు వాడకం నియమాలు’ అని ఉంటుంది. ఆ ఫ్లెక్సీ మీది తెలుగు నాది. ఇంగ్లీషులో ఉన్న నియమాలను పిల్లలకు అర్థమయ్యేలా తెలుగు చేయమని ప్రిన్సిపల్ సారు నాకు అప్పజెప్పారు. ఒక ఆదివారమంతా కూర్చుని రాశాను. ఫ్లెక్సీ కట్టిన రోజు చిన్న సభ పెట్టి ల్యాబ్ ఇన్‌చార్జికి శాలువా కప్పారు. ఫ్లెక్సీ ప్రింటు చేసిన షాపాయనకు కూడా చప్పట్లు కొట్టించారు. నా ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను వెనక వరసలో కూర్చుని నా వాక్యాలకు నేనే తలాడించుకుంటూ ఉండిపోయాను.

ఆ వాక్యాల్లో ఒకటి ఇది: ‘ఒకరి లాగిన్‌తో జరిగే ప్రతి పనికీ ఆ లాగిన్ గలవారే బాధ్యులు.’ రాసినప్పుడు బాగా కుదిరిందనుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ వాక్యం తలచుకుంటే చాలు, నాకు అరచేతులు చెమట పట్టేవి.

నేను కాంట్రాక్టు మీద తెలుగు చెప్పే లెక్చరర్‌ని. మా ఉద్యోగాలు ఏడాదికేడాది కొత్తగా పుడతాయి. దసరా సెలవులు అయ్యాక ప్రిన్సిపల్ సారు ఒక్కొక్కరి గురించి ‘పనితీరు సంతృప్తికరం’ అని రాసి పంపితే మరో ఏడాది. రాయకపోతే ఇంటికి. పర్మినెంటు వాళ్లకు లేని ఈ పరీక్ష మాకు మాత్రం ఎందుకని ఒకసారి అర్జీ పెట్టాను. జవాబు రాలేదు. తాగే నీళ్ల ఫిల్టరు గురించి పెట్టాను. పేపర్లు దిద్దే చోట పర్మినెంటు వాళ్లకు చేతుల కుర్చీలు, మాకు బల్లలు వేసిన సంగతి గురించి పెట్టాను. స్టాఫ్‌రూంలో నన్ను ‘అర్జీ మేడం’ అనేవాళ్లు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, తర్వాత ఎదురుగానే.

మార్కుల సైటు మీద కూడా పెట్టాను. మా కాలేజీ పిల్లల మార్కులు ఎక్కించే సైటును హైదరాబాద్‌లో ఒక కంపెనీ నడుపుతుంది. సాయంత్రం దాకా కూర్చుని ఎక్కించిన మార్కులు తెల్లారేసరికి మాయమయ్యేవి. స్టాఫ్ మీటింగులో లేచి నిలబడి అన్నాను.

“సార్, ఈ సైటు ఏదో ఒకనాడు కూలిపోతది. అప్పుడు నన్ను మాత్రం అడగొద్దు.”

ల్యాబ్ ఇన్‌చార్జి, నాకంటే చిన్నవాడు, కంప్యూటర్ సైన్సు చెప్తాడు, వెంటనే అందుకున్నాడు. “మేడం శాపం పెట్టిండ్రు సార్. ఇగ సైటు ఖతమే.”

అందరూ నవ్వారు. ప్రిన్సిపల్ సారు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. నేను ఆ నవ్వును గుర్తు పెట్టుకున్నాను. వాళ్లు నా మాటను గుర్తు పెట్టుకున్నారని తర్వాత తెలిసింది.

మా సారు భక్తిపరుడు. దసరా సెలవులకు ముందు ఆఖరి పని రోజున కంప్యూటర్ గదిలో ఆయుధపూజ ఆయన చేతుల మీదుగానే జరగాలి. నల్లటి తెరకు హారతి ఇవ్వకూడదని ఆయన పట్టుదల. ఒక ఏడాది తెరలు ఆర్పి పూజ చేశారట, ఆ నెలలోనే సర్వరు కాలిపోయిందట. అందుకని ఎవరి మిషన్ దగ్గర వాళ్లు లాగిన్ అయి, తెర వెలిగించి నిలబడాలి. ఇంకో పద్ధతి కూడా ఉంది. పూజ అందుకున్న పనిముట్టును ఉద్వాసన చెప్పేదాకా ముట్టకూడదు. కత్తి అయినా కుట్టుమిషన్ అయినా అంతే కదా, కంప్యూటరూ అంతే అన్నారు సారు. కాబట్టి వెలిగిన తెరలను అలాగే వదిలి గదికి తాళం వేస్తారు. తెల్లారి సారు వచ్చి ఉద్వాసన చెప్పి ఆర్పిస్తారు.

‘గది విడిచే ముందు తప్పక లాగౌట్ కావాలి’ అని ఫ్లెక్సీ మీద నేనే రాశాను. ఆ ఫ్లెక్సీకి కూడా బొట్టు పెట్టారు.

ఆ ఏడు పూజ రోజు పొద్దున నేను మా తెలుగు డిపార్ట్‌మెంటు మిషన్ మీద మార్కులు ఎక్కిస్తూ ఉన్నాను. ఇన్‌చార్జి వచ్చి తొందరపెట్టాడు.

“మేడం, లేవుండ్రి. సారు వస్తాండు. దీపాల లెక్క తెరలన్నీ వెలుగుతాండాలె.”

“మార్కులు సగంల ఉన్నయి. లాగౌట్ కొట్టి లేస్త.”

“ఇప్పుడు లాగౌట్ గొడితె మల్ల ఎక్కుడు ఎంతసేపు? మీ సైటు సంగతి మీకే ఎరుక. గట్లనే ఉండనియ్యిండ్రి.”

అలాగే వదిలి లేచాను. మార్కుల సైటు తెరిచి ఉంది, నా లాగిన్ నడుస్తూ ఉంది.

డిపార్ట్‌మెంటుకు ఒక మిషన్, మిషన్‌కు ఒక కొబ్బరికాయ. కాయ కొట్టి, ఒక చిప్ప ముక్కలు చేసి పిల్లలకు పంచుతారు. రెండో చిప్ప ఆ డిపార్ట్‌మెంటు వాళ్ల చేతికి ఇస్తారు. కామర్సు నుంచి మొదలుపెట్టి మా వైపు వచ్చేసరికి తెలుగు చివరిది. ఎప్పుడూ చివరిదే. సారు మా మిషన్‌కు పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూలు వేసి, హారతి తిప్పారు. చిప్ప చేతిలోకి తీసుకున్నారు. నేను కొంగు సర్దుకుని దోసిలి పట్టాను. అప్పుడు ఆయన ఫోన్ మోగింది. ఫోన్ ఎత్తడానికి చెయ్యి ఖాళీ చేసుకుని, మాట్లాడుతూ అలా బయటికి వెళ్లిపోయారు. నా దోసిలి అలాగే ఉంది. అటూ ఇటూ అందరి చేతుల్లో చిప్పలున్నాయి. కామర్సు ఆవిడ నన్ను చూసి చూపు తిప్పుకుంది.

అడిగి తీసుకునే ప్రసాదం నాకక్కర్లేదు. చేతులు కొంగుకు తుడుచుకుని ఆటో ఎక్కి కాశిబుగ్గ వచ్చేశాను. ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను కూడా. ఆయనకు జంపకానాల షాపు. లోకంలో ఎవరితోనూ గొడవ పడని మనిషి.

“చిప్ప కోసం పంచాది పెట్టుకుంటవా ఏంది? కొబ్బరికాయ నేను దెస్త తియ్యి,” అన్నాడు.

“కాయ కాదు. అందరికిచ్చి నాకియ్యకపోవుడు.”

“రాస్కో. నీ కాతల ఇంకొకటి.”

సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం మా గల్లీ ఆడవాళ్లమంతా పూలు పేర్చుకుని బయలుదేరబోతుండగా ఫోన్ మోగింది. ల్యాబ్ ఇన్‌చార్జి. పండుగ శుభాకాంక్షలు చెప్పడానికేమో అనుకుని ఎత్తాను.

“మేడం, ఎక్కడున్నరు?”

“ఇంటి కాడనే. ఎందుకు?”

“మార్కుల సైటు పడిపోయింది. కంపెనీ వాళ్లు మెయిల్ పెట్టిండ్రు. మన కాలేజీ నుంచి అటాక్ అయిందట. సెలవులు మొదలైన కాడ్నుంచి ఆగకుంట కొడుతనే ఉన్నరట. లాగిన్ ఎవరిదంటె…” అంటూ ఆగాడు. “మీదే మేడం.”

అటాక్ అన్న మాట నాకు టీవీ వార్తల్లో మాత్రమే తెలుసు.

“నేను ఇంట్ల ఉన్న గద తమ్మీ! నేనేం కొడుత?”

“గదంత నాకెరుక లేదు మేడం. లాగిన్ గలవారే బాధ్యులు అని మీరే రాసిండ్రు గద. కంపెనీ వాళ్లు సైబర్ క్రైంకు ఇస్తమంటాన్నరు. సారు జర ఆపిండు. సెలవులయినంక మాట్లాడుదమన్నడు.”

ఆ మెయిల్‌ను అతను స్టాఫ్ గ్రూపులో పెట్టాడు. నా పేరుతో సహా. ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఒకరు మాత్రం చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ బొమ్మ ఎవరు పెట్టారో నాకు తెలుసు, ఇప్పుడు చెప్పను.

ఆ సాయంత్రం బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టాను గానీ చెవి రోడ్డు వైపే ఉంది. వీధి మొదట్లో జీపు చప్పుడు అయితే చాలు, పాట నోట్లోనే ఆగిపోయేది. అది పాల వ్యాను. తర్వాత వచ్చింది పెళ్లివారి కారు. పక్కింటి ఆడబిడ్డ “ఏంది అక్కా, మొకం గట్ల పాలిపోయింది?” అంటే ఒక్కపొద్దు ఉన్నానన్నాను.

ఆ సెలవులు ఎలా గడిచాయో నాకు తెలియదు. గేటు చప్పుడైతే మెట్ల కిందికి వెళ్లి నిలబడేదాన్ని. నా భయానికి ఇంకో ముడి కూడా ఉంది. మా మిషన్ మీద తెలుగు అక్షరాలు సున్నాలుగా కనపడేవి. ఆ సంగతి ఇన్‌చార్జికి ఎన్నిసార్లు చెప్పినా “సూద్దాం మేడం” అనేవాడు. విసిగిపోయి పరకాలలో ఉండే మా అక్క కొడుకును పిలిపించాను. ఇంజనీరింగు చదువుతున్నాడు. వచ్చి ఫాంటు వేసి వెళ్లాడు. అనుమతి లేకుండా బయటివాళ్లు మిషన్‌లో ఏదీ ఎక్కించకూడదు. అదీ నా తెలుగులోనే ఫ్లెక్సీ మీద ఉంది. వాడి పేరు బయటికి వస్తే? వాడిని కూడా లాగితే? వాడికి ఫోన్ చేశాను.

“అరేయ్, నువ్వు ఆ ఫాంటు ఏసినప్పుడు ఇంకేమన్న ఏసినవా?”

“లేదు చిన్నమ్మా. వట్టి ఫాంటే. ఎందుకు?”

“ఏం లేదు. నువ్వు మా కాలేజీకి వచ్చినట్టు ఎవలకు చెప్పకు.”

“చిన్నమ్మా, నువ్వు గిట్ల మాట్లాడుతాంటె నాకే బుగులైతాంది.”

మా ఆయన షాపు నుంచి వచ్చి విని, చాలాసేపు జంపకానా అంచు నిమురుతూ కూర్చున్నాడు.

“తెల్వక అయింది, మాఫ్ జెయ్యిండ్రి అని ఒక కాయితం రాసియ్యరాదు?” అన్నాడు చివరికి. “పెద్దమనుషులు, వదిలేస్తరు.”

“చెయ్యని దానికి మాఫీ ఎట్ల అడుగుత?”

“నౌకరి పోతె?”

రాత్రి పడుకున్నాక ఆ మాటే గదిలో తిరుగుతూ ఉండేది. ఈ వయసులో ఇంకో కాలేజీ ఎవరిస్తారు? లాగిన్‌తో సైటును కూల్చిన తెలుగు టీచరమ్మను ఎవరు రానిస్తారు? పైగా మీటింగులో నేను అన్న మాట. ఏదో ఒకనాడు కూలిపోతుంది అన్నాను. అందరూ విన్నారు.

సెలవులు అయ్యాక మొదటి రోజు సారు గది బయట బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. లోపలికి ఎవరెవరో వెళ్తున్నారు, వస్తున్నారు. కామర్సు ఆవిడ రెన్యువల్ కాగితం మీద సంతకం చేయించుకుని బయటికి వచ్చింది. నన్ను చూసి కాగితాన్ని చీర కుచ్చిళ్ల వెనక్కి పెట్టుకుంది. దాచినట్టు కనపడకుండా దాచడం ఆవిడకు బాగా తెలుసు.

లోపలికి పిలిచారు. సారు, ఇన్‌చార్జి. కుర్చీ చూపించలేదు. నిలబడే ఉన్నాను.

“మేడం,” అన్నారు సారు, “కంపెనీ వాళ్లు మస్తు గరం ఉన్నరు. మన కాలేజీకి సైటే బంద్ వెట్టిండ్రు. రిజల్టులు ఆగినయి. పోరగాండ్లు గేటు కాడికి వస్తాన్నరు. నేనేం జెప్పాలె?”

“సార్, నేను పూజ అయినంక ఇంటికి పోయిన. గదికి తాళం మీరే ఏయించిండ్రు.”

“అదే గద చిత్రం,” అన్నాడు ఇన్‌చార్జి. “గదికి తాళం ఉన్నది. మిషన్ మీదే, లాగిన్ మీదే. అంటె లోపల ఏదో పెట్టి పోయిండ్రు. దానంతటదే నడిచేటిది.”

“నాకు ఫాంటు మార్సుడే రాదు తమ్మీ!”

“మీకు రాదు. ఎవలో వచ్చి మార్సిండ్రు గద మల్ల?”

వాళ్లకు తెలుసు. ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ కనుక్కుంటాను.

సారు గొంతు తగ్గించారు. “సూడుండ్రి మేడం. ఒక కాయితం రాసియ్యుండ్రి. అనుకోకుంట నా వల్ల అయింది, ఇక గిట్ల కాదు అని. కంపెనీకి పంపుత. పోలీసుల దాక పోదు. నేను పోనియ్య.”

“రాసిస్తె నా రెన్యువల్?”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మీటింగులో నవ్వుతూ తుడుచుకున్నట్టే, కానీ ఇప్పుడు నవ్వు లేదు. “అది తర్వాత సూద్దాం,” అన్నారు.

తర్వాత చూద్దాం అంటే ఏమిటో కాంట్రాక్టు మీద బతికేవాళ్లకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. టేబులు మీద తెల్ల కాగితం, పెన్ను అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. పెన్ను మూత కూడా తీసి ఉంది. చెయ్యి దాని వైపు వెళ్లింది కూడా. ఆ మూత తీసి ఉండటమే నన్ను ఆపింది. నేను ఒప్పుకుంటానని అంత నమ్మకం వాళ్లకు.

“మిషన్ సూసినంక రాస్త,” అన్నాను. “నా లాగిన్ అంటాన్నరు గద. నా మిషన్ నాకు సూపియ్యిండ్రి.”

“ఏం సూస్తరు మేడం?” ఇన్‌చార్జి విసుక్కున్నాడు. కానీ సారు లేచారు. ఆయనకు కాగితం కావాలి, అది తొందరగా కావాలి.

కంప్యూటర్ గదిలో ఇంకా కుళ్లిన పూల వాసన ఉంది. ఆ ఏడు సారు మర్నాడే ఊరికి వెళ్లిపోయారట, ఉద్వాసన సెలవులు అయ్యాకే చెప్పారట. కాలేజీ ఊడ్చే ఆయమ్మ ఆ పొద్దున్నే వచ్చి, పూలు, పండ్లు, మిషన్ల మీద ఉన్నవన్నీ చీపురుతో ఒకే గంపలోకి ఊడ్చి పారబోసింది. మా మిషన్ జోలికి మళ్లీ ఎవరూ పోకుండా దాని మీద ‘ముట్టరాదు’ అని కాగితం అంటించారు. నా మిషన్ దొంగతనంలో దొరికిన సొత్తులా ఉంది.

ఇన్‌చార్జి కాగితం పీకి కీబోర్డు ముందుకు లాగబోయి చెయ్యి విదిలించుకున్నాడు. “థూ, చీమలు! మీ మిషన్‌కే పట్టినయి మేడం చీమలు కూడ.”

వంగి చూశాను. నిజమే. మిగతా కీబోర్డులు శుభ్రంగా ఉన్నాయి. మాదాని మీద మాత్రం ఎర్రచీమలు బల్ల అంచు మీదుగా ఎక్కి, పై వరసలోని బటన్ల దగ్గరికి వెళ్లి గుంపు కడుతున్నాయి. అక్కడ ఎండిన కుంకుమ, దాని చుట్టూ అర్ధచంద్రంలా తెల్లగా ఎండిన నీటి మరక ఉన్నాయి. ఏ నీళ్లు? ల్యాబ్‌లో నీళ్ల సీసా కూడా తేకూడదు కదా.

అప్పుడు నా దోసిలి గుర్తొచ్చింది. ఖాళీ దోసిలి. సెలవుల్లో భయం మధ్య కూడా దాన్ని మరిచిపోలేదు నేను. సారు ఫోన్ ఎత్తడానికి చెయ్యి ఖాళీ చేసుకున్నారు. చేతిలోని చిప్పను ఎక్కడ పెట్టారు?

“సార్,” అన్నాను, “నా కొబ్బరి చిప్ప ఏది?”

సారు నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. పిచ్చిదాన్ని చూసినట్టు కూడా కాదు, పిచ్చిదైపోయిన తెలిసిన మనిషిని చూసినట్టు. “నౌకరి సంగతి మాట్లాడుతాంటె కొబ్బరి సంగతేంది మేడం?”

“ఆ రోజు అందరికిచ్చిండ్రు. నాకియ్యలె. నేను చేతులు వట్టిన. మీకు ఫోనొచ్చింది. చిప్ప ఇగో, ఇక్కడ పెట్టి పోయిండ్రు.” నా వేలు మరక మీద ఉంది. అంటున్నది ఎవరితో? నా రెన్యువల్ రాయాల్సిన మనిషితో, నువ్వే చేశావని. “ముట్టద్దన్నరు కాబట్టి ఎవలు తియ్యలె. సెలవులు అయ్యేదాక ఇక్కడ్నే ఉన్నది.”

“అయితే?” అన్నారు సారు.

ఇన్‌చార్జి కీబోర్డు మీదికి వంగాడు. వాడు నా వేలి కింద ఉన్న బటన్ వైపే చూస్తున్నాడు. ముఖంలో రంగు మారిపోయింది. పేజీని మళ్లీ తెరిచే బటన్ అది. ఒకసారి నొక్కితే ఒకసారి తెరుస్తుంది. పట్టి ఉంచితే ఆగకుండా తెరుస్తూనే ఉంటుంది. నాకు ఆ సంగతి వాడే తర్వాత చెప్పాడు.

“సార్… ఒక కొబ్బరికాయ తెప్పియ్యాలె,” అన్నాడు మెల్లగా.

ఆయమ్మ గేటు ఎదురు దుకాణం నుంచి తెచ్చింది. ఇన్‌చార్జి కంపెనీ అతనికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, జర మా కాలేజీకి సైటు తెరవండి, ఒక పరీక్ష చేస్తాం అన్నాడు. అవతల హైదరాబాద్ గొంతు ఒప్పుకోలేక ఒప్పుకుంది. నన్నే లాగిన్ అవమన్నారు. నా వేళ్లు పాస్‌వర్డ్ తప్పు కొట్టాయి. మళ్లీ తప్పు కొట్టాయి. ఇంకోసారి తప్పితే లాక్ అవుతుందని వాడు అన్నాడు. అప్పుడు కుదిరింది. మార్కుల పేజీ తెరుచుకుంది.

సారు గడప దగ్గర కాయ కొట్టారు. ఎందుకో అలవాటుగా కళ్లు మూసుకుని ఒక మాట అనుకున్నారు కూడా. చిప్పను ఎలా పెట్టేవారో అలాగే పెట్టారు. వీపు తెరకు ఆనించి, అంచు పై వరస బటన్ల మీద.

తెర రెప్పలు కొట్టడం మొదలుపెట్టింది. తెల్లగా, మార్కులు, తెల్లగా, మార్కులు.

ఫోన్‌లోంచి అరుపు. “సార్! మళ్లీ స్టార్ట్ అయింది! అదే లాగిన్, అదే స్పీడ్! ఎవరు సార్ చేసేది? అక్కడే ఉన్నాడా? పట్టుకోండి సార్!”

సారు చిప్ప ఎత్తారు. తెర నిలబడింది.

“ఆగింది సార్,” అంది గొంతు. “దొరికాడా?”

సారు చేతిలో చిప్పతో నిలబడ్డారు. నీళ్లు ఆయన చొక్కా చేతి మీద కారుతున్నాయి. ఇన్‌చార్జి ఫోన్ స్పీకర్ తీసేసి చెవికి పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. నాకు గెలిచినట్టు అనిపించాలి. కానీ నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది. తప్పు నాదైనప్పుడు నా ఉద్యోగం ఒక కాగితంతో పోయేది. తప్పు ఆయనదైతే ఏ కాగితంతో నిలుస్తుంది?

“కంపెనీకి ఏం రాయాలె సార్?” అన్నాడు ఇన్‌చార్జి తిరిగి వచ్చి.

“టెక్నికల్ ప్రాబ్లం అని రాయి.”

నేను వెళ్లిపోవాల్సింది. మా ఆయన అయితే దండం పెట్టి వెళ్లిపోయేవాడు. నా నోరు ఆగలేదు. “సార్, నా పేరు వెట్టిన మెయిల్ అందరికి పోయింది. గిది కూడ అందరికి పోవాలె.”

సారు చాలాసేపు నన్ను చూశారు. ఆ కాసేపట్లో నేను ఇంటికి వెళ్లి, షాపులో జంపకానాలు మడత పెడుతూ కూర్చుని, ముసలిదాన్ని కూడా అయిపోయాను.

“పంపు,” అన్నారు ఇన్‌చార్జితో.

సాయంత్రం గ్రూపులో ఒక వాక్యం వచ్చింది. సాంకేతిక కారణం అనీ, లాగిన్ గలవారికి సంబంధం లేదనీ. మొదటిదాంట్లో నా పేరు ఉంది. రెండోదాంట్లో పేరు లేదు. ఆ తేడా గురించి కూడా ఒక అర్జీ రాశాను. నా రెన్యువల్ కాగితం అందరికంటే ఆఖరున వచ్చింది, కానీ వచ్చింది. ‘సంతృప్తికరం’ అన్న మాట అక్కడ ఉందో లేదో ఆటోలో, ఇంట్లో, మళ్లీ షాపులో మా ఆయనతో చదివించి చూసుకున్నాను. తప్పయింది అని ఇప్పటిదాకా ఒక్కరు కూడా అనలేదు.

ఫ్లెక్సీ కింద ఒక కొత్త వాక్యం చేర్చాలన్నారు. మళ్లీ నాకే చెప్పారు. ‘పూజాద్రవ్యాలు సహా ఏ వస్తువునూ కీబోర్డుల మీద పెట్టరాదు’ అని రాశాను. పూజాద్రవ్యాల మాట తీసెయ్యమని ఇన్‌చార్జి వచ్చి బతిమాలాడు. తియ్యలేదు.

ఈ ఏడు ఆయుధపూజకు తెరలన్నీ ఆర్పేశారు. నల్లటి తెరలకే హారతి ఇచ్చారు. సారు ఈసారి తెలుగు మిషన్ నుంచి మొదలుపెట్టారు. కాయ కొట్టి, చిప్పను రెండు చేతులతో నా దోసిట్లో పెట్టారు. నా ముఖం చూడలేదు. నేనూ ఆయన్ను చూడలేదు.

గది ఖాళీ అయ్యాక నేను మా మిషన్ దగ్గరికి వెళ్లి, ఆన్ చేసి, లాగిన్ అయి, లాగౌట్ అయి, ఆర్పి, వైరు పీకేశాను. అయినా ఆటో కాశిబుగ్గ దాకా వచ్చేసరికి మనసు మళ్లీ ఆ తెర దగ్గరికే పోయింది. ఆయమ్మకు ఫోన్ చేశాను.

“తాళమేసినవా?”

“ఇప్పుడే ఏస్తాన మేడం.”

“మా మిషన్ జర సూడు. తెర ఎట్లున్నది?”

చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు. “నల్లగనే ఉన్నది మేడం.”

“కీబోర్డు మీద ఏమన్న ఉన్నదా?”

ఆయమ్మ నవ్వింది. “ఏం లేదు మేడం. మీ చిప్ప మీరు పట్కపోయిండ్రు గద.”